95 పెద్దదా, 93 పెద్దదా? మస్టాంగ్‌కు సూపర్‌చార్జర్ ఎంచుకున్న నా అనుభవం

నా మస్టాంగ్‌కు సూపర్‌చార్జర్ (ఇంజిన్ లోపలికి గాలిని బలవంతంగా నెట్టే యంత్రం) కోసం నిన్న రాత్రే ఆర్డర్ ఫారం పంపిన. పైన రాసిన 95, 93 పెట్రోల్ ఆక్టేన్ అంకెలు, అంటే ముందే అంటుకోకుండా పెట్రోల్ ఎంత నొక్కుడు తట్టుకుంటదో చెప్పేవి. కోపం ఇంకా చల్లారలేదు కాబట్టి ఇప్పుడే రాస్తున్న.

బండి 2017 మస్టాంగ్ జీటీ. మన దేశానికి అధికారికంగా 2016లో వచ్చిన తరం. 5 లీటర్ల కొయోట్ వీ8, 6 గేర్ల ఆటోమేటిక్. అమెరికాలో ఇదే ఇంజిన్‌కు 435 హార్స్‌పవర్ అని రాసుకుంటే, మనకు వచ్చిన దానికి 401 పీఎస్ అని రాసిండ్రు. కంప్రెషన్ (సిలిండర్‌లో మిశ్రమాన్ని నొక్కే నిష్పత్తి) 11:1. ఈ 11ను గుర్తుపెట్టుకోండి, ముందుముందు ఏడిపిచ్చేది ఇదే.

చట్టం సంగతి ఒక్క ముక్కలో చెప్పి వదిలేస్త. మోటారు వాహనాల చట్టం సెక్షన్ 52 ప్రకారం, ఆర్సీలో ఉన్న వివరాలకు, తయారీదారు స్పెసిఫికేషన్‌కు తేడా వచ్చేటట్టు బండిని మార్చరాదు. 2019 జనవరిలో సుప్రీంకోర్టు కూడా అదే గట్టిగా చెప్పింది. నా బండి లారీ ఎక్కి చెన్నై దగ్గర ఇరుంగట్టుకోట్టై ట్రాక్‌కు పోతది, అదే లారీ ఎక్కి హన్మకొండకు వస్తది. రోడ్డు మీద తిప్పే బండికైతే ముందు ఆర్టీవో, ఇన్సూరెన్స్ సంగతి తేల్చుకోని, తర్వాత ఇది చదవండి.

ఏ రకం సూపర్‌చార్జర్ కొనాలన్నది అందరూ పెద్ద విషయం అనుకుంటరు. అది ఒక్క సాయంత్రం పని. మూడే జాతులు ఉన్నయి.

మొదటిది రూట్స్ జాతి. ఇప్పుడు దాదాపు అన్నీ ఈటన్ టీవీఎస్ రోటర్లే: నాలుగు లోబ్‌లు, 160 నుంచి 170 డిగ్రీల మెలిక. రౌష్, ఎడెల్‌బ్రాక్ కిట్లలో ఉండేది ఇదే. (టీవీఎస్ అనంగనే మా గల్లీలో ఒకాయన "ఎక్సెల్ ఇంజినా అన్నా" అని అడిగిండు. నవ్వకండి, ఇంజిన్ గురించి ఆయనకు నేను ముందుముందు చెప్పే ఇంపోర్టర్ కంటే ఎక్కువే తెలుసు.) రెండోది ట్విన్ స్క్రూ, అంటే విప్పుల్. గాలిని కేసింగ్ లోపలే నొక్కి పంపుతది. ఈ రెండూ ఇన్‌టేక్ మానిఫోల్డ్ (సిలిండర్లకు గాలి పంచే గొట్టాలు) తీసేసి ఆ జాగాలో కూర్చుంటయి. 2,500 ఆర్‌పీఎం దగ్గరే దాదాపు పూర్తి బూస్ట్ (అదనపు గాలి ఒత్తిడి, పీఎస్ఐలో కొలుస్తరు) ఇస్తయి. మూడోది సెంట్రిఫ్యూగల్: ప్రోచార్జర్, వోర్టెక్. ఇది ఇంజిన్ ముందర ఒక పక్కకు బెల్టు మీద తిరుగుతది, ఒరిజినల్ మానిఫోల్డ్ ముట్టదు. బూస్ట్ దాదాపు ఆర్‌పీఎం వర్గంతో పెరుగుతది. 7,000 దగ్గర 7 పీఎస్ఐ వస్తే 3,500 దగ్గర పావు వంతు, అంటే 2 పీఎస్ఐ కూడా రాదు.

నా మోజు విప్పుల్ మీద. యాక్సిలరేటర్ మీద కాలు పెట్టంగనే గుంజే ఆ గుంజుడు, ఆ కూత. హైదరాబాద్‌లో ఒక ఇంపోర్టర్‌ను పట్టుకున్న. పేరు రాయను, రాస్తే ఆయనకే ప్రచారం. అడ్వాన్స్ ఇచ్చిన. కిట్ కాగితంలో "కనీసం 93 ఆక్టేన్" అని ఉంది. "సార్, మన బంకుల 95 దొరుకుతది, 93 కంటే రెండు ఎక్కువే గద, టెన్షన్ తీస్కోకుండ్రి" అన్నడు. నేను కూడా తలూపిన. తలూపుడే కాదు, ఆటోనగర్‌లో మా మెకానిక్ తమ్మునికి అదే పాఠం చెప్పిన: "మనకు రెండు పాయింట్లు మార్జిన్ ఉన్నదిరా." ఇరవై ఏండ్ల నుంచి ఇంజిన్లు విప్పుతున్న, డైనో గ్రాఫు చూసి ఏ ప్లగ్గు కాలిందో చెప్తా అని పేరున్నోణ్ని. ఆ పేరు ఒక్క ఈమెయిల్‌తో గోదాట్లో కలిసింది.

ఆ ఈమెయిల్ ట్యూనర్ (ఇంజిన్ కంప్యూటర్ సెట్టింగులు రాసిచ్చేటోడు) నుంచి వచ్చింది. అమెరికాలో ఉంటడు, మనకు రాత్రి పదకొండు దాటినంక జవాబిస్తడు. ఆయన ఫారంలో "బంకు ఆక్టేన్" అనే గడిలో 95 అని రాసి పంపిన. వెనక్కి ఒకటే ప్రశ్న వచ్చింది: ఏ పద్ధతిలో కొలిచిన 95?

నాకు అర్థం కాలేదు. ఆక్టేన్ అంటే ఆక్టేనే కదా అనుకున్న. రెండు రోజులు కూర్చుంటే గాని దిమాక్‌కు ఎక్కలేదు.

సంగతి ఏందంటే, పెట్రోల్‌ను రెండు రకాలుగా పరీక్షిస్తరు. రీసెర్చ్ పద్ధతిలో వచ్చేది ఆర్‌వోఎన్. మోటార్ పద్ధతిలో ఇంజిన్ వేగం, లోపలికి పోయే మిశ్రమం వేడి రెండూ ఎక్కువ ఉంటయి, అందుకే అంకె తక్కువ వస్తది. అది ఎంవోఎన్. మన బంకు మీద రాసేది ఆర్‌వోఎన్. అమెరికా బంకు మీద రాసేది రెండింటి సగటు, దాన్ని ఏకేఐ అంటరు. మన బీఐఎస్ ప్రమాణం ఐఎస్ 2796 తీసి చూడండి: ప్రీమియం పెట్రోల్‌కు కనీసం 95 ఆర్‌వోఎన్, 85 ఎంవోఎన్. రెండూ కలిపి సగం చేస్తే 90. ఇగ ఆ కిట్ అడిగే 93 ఏకేఐ మన లెక్కలో దాదాపు 98 ఆర్‌వోఎన్.

అంటే రెండు పాయింట్లు ఎక్కువ కాదు, మూడు పాయింట్లు తక్కువ. కాలిఫోర్నియాలో అమ్మే 91 కంటే కూడా మన 95 ఒక మెట్టు కిందనే ఉన్నది. ఇదే మాట మా తమ్మునికి చెప్తే పానా కింద పెట్టి, "మరి మొన్న మార్జిన్ అన్నవ్ గదనే అన్నా?" అన్నడు. నలుగురు కస్టమర్లు ఉన్నరు అక్కడ.

100 ఆక్టేన్ పోస్తే అయిపాయె కదా అంటరు. దొరికిన రోజు పొయ్యొచ్చు. కానీ ట్యూనింగ్ ఎప్పుడైనా దొరకని రోజును చూసి చెయ్యాలె. లారీ దిగినంక ట్రాక్ దగ్గర ఏ బంకు ఉంటే అదే గతి. ఆక్టేన్ బూస్టర్ డబ్బాల సంగతి అడగనే వద్దు. వాటి మీద "5 పాయింట్లు" అని రాస్తే చాలాసార్లు దశాంశం పక్కన 5 అని అర్థం. ఈ20 (20 శాతం ఇథనాల్ కలిపిన పెట్రోల్) వచ్చింది, ఇథనాల్ ఆక్టేన్ పెంచుతది కదా అని ఇంకొకరు అంటరు. పెంచుతది నిజమే, కానీ బంకు మీద రాసిన 95లో ఆ పెంపు కలిసే ఉన్నది, మళ్లీ కలుపుకోవద్దు. ఈ20తో వచ్చే అసలు తేడా వేరే: ఒక కిలో పెట్రోల్‌కు కావల్సిన గాలి. వట్టి పెట్రోల్‌కు 14.7 కిలోలు, అమెరికాలో పోసే ఈ10కు దాదాపు 14.1, మన ఈ20కి దాదాపు 13.5. అదే గాలికి ఈ10 కంటే నాలుగైదు శాతం ఎక్కువ ఇంధనం పోవాలె. ఇంజెక్టర్లు, పంపు అంచు మీద నడుస్తుంటే ఆ నాలుగు శాతమే పిస్టన్ తింటది.

దీని మీద వేడి. రామగుండం పక్కన పుట్టినోనికి 45 డిగ్రీలు కొత్త కాదు గానీ, లెక్క వేసేదాకా నాకూ తెలవలేదు. 7 పీఎస్ఐ అంటే గాలిని దాదాపు ఒకటిన్నర రెట్లు నొక్కుడు. బ్లోయర్ (సూపర్‌చార్జరే) సామర్థ్యం 70 శాతం అనుకుంటే, 25 డిగ్రీల గాలి ఇంటర్‌కూలర్‌కు (నొక్కిన గాలిని చల్లబరిచేది) ముందు 77 డిగ్రీలు అయితది. 45 డిగ్రీల గాలి 101 అయితది. కిట్ కాగితాల మీది పవర్ అంకెలన్నీ చల్లటి జాగాలకు సరిదిద్ది రాసినవే. 11:1 కంప్రెషన్, 90 ఏకేఐ, 45 డిగ్రీలు, ఈ మూడూ ఒక్క సిలిండర్‌లో పడితే నాక్ (మిశ్రమం తనంతట తానే అంటుకోని కొట్టుడు) రాక ఏమైతది? ఈసీయూ (ఇంజిన్ కంప్యూటర్) స్పార్క్ టైమింగ్ వెనక్కి గుంజుతది. గుంజితే పవర్ పోతది, ఆ వేడి ఎగ్జాస్ట్ దిక్కు పోతది. లక్షలు పోసి బూస్ట్ కొని, ఈసీయూతో దాన్ని పారబోయించుకున్నట్టు.

ఇప్పుడు జాతుల దగ్గరికి తిరిగి వస్తే లెక్క మారింది. విప్పుల్, టీవీఎస్ కిట్లలో ఇంటర్‌కూలర్ నీళ్లతో నడుస్తది, బ్లోయర్ కిందనే, వేడి ఇంజిన్ నడుమ ఉంటది. డ్రాగ్ స్ట్రిప్ మీద పన్నెండు సెకన్లకు అది బ్రహ్మాండం. ట్రాక్ మీద పది ల్యాపులకు ఆ నీళ్లు కాగుతయి, మళ్లీ చల్లబడే సందు దొరకదు. సెంట్రిఫ్యూగల్‌కు ముందర బంపర్ వెనుక గాలితో చల్లబడే ఇంటర్‌కూలర్. పైగా నాక్ ఎక్కువ భయపెట్టే 3,000, 4,000 ఆర్‌పీఎం దగ్గర దాని బూస్ట్ తక్కువ. నేను లోపం అనుకున్నదే మన పెట్రోల్‌కు రక్ష అయ్యింది. గుంజుడు పోయిందని బాధ ఉన్నది, అబద్ధం ఎందుకు.

విప్పుల్ వద్దు, ప్రోచార్జర్ చాలు, అది కూడా పెద్ద పుల్లీతో అని ఇంపోర్టర్‌కు చెప్పిన. బ్లోయర్ పుల్లీ ఎంత పెద్దదైతే బ్లోయర్ అంత నెమ్మది. పై చివరన 6 పీఎస్ఐ దాటొద్దని రాసిన. ఇంపోర్టర్ అడ్వాన్స్ వాపస్ ఇయ్యలే, "ప్రాసెసింగ్" అన్నడు. ఏం ప్రాసెస్ చేసిండో దేవునికెరుక. మీరు ఎవరి దగ్గర కొన్నా సరే, ఆక్టేన్ ఏ లెక్క అని ఒక్క ప్రశ్న అడగండి. తడుముకుంటే లేచి వచ్చెయ్యండి.

మిగిలిన సామాను సంగతి. ప్లగ్గులు ఒక మెట్టు చల్లటివి, గ్యాప్ 1.25 మిల్లీమీటర్ల నుంచి 0.8కి తగ్గించాలె, లేకుంటే బూస్ట్‌లో స్పార్క్ ఆరిపోతది. కొయోట్ ఆయిల్ పంపు గేర్లు పొడి లోహంతో నొక్కి చేసినవి, బూస్ట్ మీద రెవ్ లిమిటర్‌కు కొడితే పగులుతయి. బిల్లెట్ గేర్లు, దాంతోపాటు క్రాంక్ స్ప్రాకెట్ ఇప్పుడే వేసెయ్యాలె. మళ్లీ విప్పుడంటే ముందు కవర్ మొత్తం దించుడే. ప్రోచార్జర్ హెడ్‌కు సొంత గేర్ ఆయిల్ ఉంటది: మొదటి 500 మైళ్లకు ఒకసారి, తర్వాత 6,000 మైళ్లకోసారి మార్చాలె. ఇంజిన్ ఆయిల్ పొయ్యొద్దు. మన స్టీరింగ్ కుడివైపు కాబట్టి బ్రేక్ బూస్టర్ కూడా అటే ఉంటది. కుడి స్టీరింగ్ బండి మీద పైపులు ఎట్ల పోతయో చూపే ఫోటో అడిగి తెప్పించుకున్న. ట్యూన్‌కు ముందు మన బండి ఈసీయూ స్ట్రాటజీ కోడ్ (అందులో ఉన్న సాఫ్ట్‌వేర్ గుర్తు) చదివి పంపాలె. అమెరికా బండి ఫైలు మన దాంట్లో ఎక్కించొద్దు. ఆ ఫైలుకు మన క్యాలిబ్రేషన్ తెలవదు.

కస్టమ్స్, కొరియర్ కేవైసీ మామూలే, పైసలు కడితే అయితది.

నిన్న రాత్రి ఫారం మళ్లీ నింపంగ తమ్ముడు పక్కనే ఉన్నడు. "బంకు ఆక్టేన్" గడి చిన్నగా ఉన్నది, రెండంకెలకే జాగా. అండ్ల 90 అని రాసి, కింద మార్జిన్‌లో చిన్న అక్షరాలతో పెట్టిన: 95 ఆర్‌వోఎన్, 85 ఎంవోఎన్, ఇథనాల్ 20 శాతం, బయటి ఎండ 45. తమ్ముడు వంగి చూసి, "ఇప్పుడు రాసినవ్ మార్జిన్ల" అన్నడు.