హేలీ డాక్టరు కాకపోయినా

కెనడాలోని కాల్గరీలో మన తెలుగు కుటుంబాలు కలిసినప్పుడు పిల్లల ఆటల ప్రస్తావన వస్తే ఎవరో ఒకరు ఐస్ హాకీ క్రీడాకారిణి హేలీ వికెన్‌హైజర్ పేరు ఎత్తుతారు. ‘అంత హాకీ ఆడినా చివరికి డాక్టరయింది చూడండి’ అంటారు. ఆమె కథను అలా కుదించడం నాకు బాధగా ఉంటుంది. ఐస్ హాకీ ఆడే మా అమ్మాయి ఆ మాట విని, ఇంటికి వచ్చే దారిలో అడిగింది: ‘డాక్టరు కాకపోతే ఆవిడ పతకాలకు విలువ ఉండదా నాన్నా?’

ఎందుకుండదు! 1978లో సస్కాచెవాన్‌లోని షానవన్ అనే చిన్న ఊళ్లో పుట్టిన హేలీ, చిన్నప్పుడు మగపిల్లల జట్లలోనే ఆడింది. పదిహేనేళ్లకే కెనడా జట్టులోకి వచ్చి 23 ఏళ్లు ఆడింది. మహిళల ఐస్ హాకీకి ఒలింపిక్స్‌లో తొలిసారి చోటు దక్కింది 1998లో, నగానోలో. అక్కడి ఫైనల్లో కెనడా అమెరికా చేతిలో ఓడింది. 2002 నుంచి 2014 దాకా వరుసగా నాలుగు స్వర్ణాలు గెలిచింది. ఆ నాలుగు జట్లలోనూ హేలీ ఉంది. అంతకుముందు 2000 సిడ్నీ ఒలింపిక్స్‌లో సాఫ్ట్‌బాల్ కూడా ఆడింది.

మా అమ్మాయికి అన్నిటికన్నా ఇష్టమైన ఘట్టం 2003 నాటిది. హేలీ ఫిన్‌లాండ్ వెళ్లి సలమత్ అనే పురుషుల జట్టులో చేరింది. ఆడవాళ్ల ఆటలో ఒంటితో గుద్ది పడగొట్టడం అప్పట్లో నిషిద్ధం. మగవాళ్ల ఆటలో అది మామూలే. తనకన్నా బరువైనవాళ్ల దెబ్బలు కాచుకుంటూ ఆడి గోల్ కొట్టింది. పురుషుల ప్రొఫెషనల్ హాకీలో గోల్ చేసిన తొలి మహిళగా నిలిచింది.

2017లో ఆట నుంచి విరమించి, 2021లో కాల్గరీ విశ్వవిద్యాలయంలో వైద్య విద్య పూర్తిచేసింది. అయినా హాకీని వదల్లేదు. 2022లో టొరంటో మేపుల్ లీఫ్స్ జట్టుకు అసిస్టెంట్ జనరల్ మేనేజరయింది.

మా ఇంట్లో సంక్రాంతి సరిగ్గా హాకీ సీజను మధ్యలో వస్తుంది. తెల్లవారకముందే ఐస్ హాకీ ఆడే రింకుకు వెళ్తాం, సాయంత్రం బొమ్మల కొలువు పెడతాం. కూచిపూడి క్లాసును ఆదివారానికి మార్చుకున్నాం. తెనాలి నుంచి మా అమ్మ మాత్రం ఫోనులో ‘పిల్లకు ఈ ఆట ఇంకా ఎన్నాళ్లురా?’ అనేది.

ఒకసారి ఆమెకు లద్దాఖ్ అమ్మాయిల గురించి చెప్పాను. గడ్డకట్టిన చెరువుల మీద ఐస్ హాకీ నేర్చుకున్నవాళ్లు. 2018లో హేలీ లద్దాఖ్ వెళ్లి వాళ్లతో ఆడింది. అదే ఏడాది వాళ్లు మా కాల్గరీకి వచ్చి, ఆమె నడిపే బాలికల టోర్నమెంటులో ఆడారు. ‘మన దేశంలోనూ ఆడతారా?’ అని అమ్మ చాలాసేపు వివరాలు అడిగింది. 2025లో భారత మహిళలు ఆసియా కప్‌లో కాంస్యం గెలిచిన వార్త మనవరాలికి ముందుగా చెప్పింది ఆవిడే.