హార్న్ కొనేముందు ఊఫర్ సంగతి తేల్చుకోండి

పాత తరహా స్పీకర్లు కట్టుకోవాలనుకునే వాళ్లలో ఎక్కువమంది హార్న్ (గొంతునీ పై శ్రుతుల్నీ ముందుకి పంపే బూరలాంటి భాగం) దగ్గరే మొదలెడతారు. పేరున్న హార్న్ ఒకటి దొరుకుతుంది, చూడ్డానికి కూడా బాగుంటుంది, కొనేస్తారు. ఆ తర్వాత గదిలో పట్టేంత పెట్టె చేయించి, అందులో 15 అంగుళాల ఊఫర్ (కింది శ్రుతులు పలికించే పెద్ద స్పీకర్) బిగించి, హార్న్‌ని పైన కూర్చోబెడతారు. తీరా వింటే పాడేవాళ్ల గొంతు ఒకచోట నుంచి, దాని కింది బరువు ఇంకోచోట నుంచి వస్తున్నట్టు ఉంటుంది. అప్పుడు కెపాసిటర్లు మారుస్తారు, వైర్లు మారుస్తారు, ఆంప్లిఫైయర్ని అనుమానిస్తారు. నేనైతే ముందు అడిగేది ఒక్కటే: మీ ఊఫర్ పని ఆపి హార్న్‌కి అప్పగించే ఫ్రీక్వెన్సీ దగ్గర ఆ రెండూ శబ్దాన్ని ఒకే వెడల్పులో పరుస్తున్నాయా?

15 అంగుళాల ఊఫర్‌లో నిజంగా కదిలే కోన్ వ్యాసం సుమారు 33 సెంటీమీటర్లు. తక్కువ ఫ్రీక్వెన్సీల్లో అది గదంతా శబ్దం నింపుతుంది, పైకి వెళ్లేకొద్దీ టార్చిలైటు వెలుగులా ముందుకే కుంచించుకుపోతుంది. లెక్కేస్తే 1000 హెర్ట్జ్ దగ్గర దాని పరిధి, అంటే శబ్దం పరుచుకునే కోణం, ఇంచుమించు 90 డిగ్రీలు, 1600 హెర్ట్జ్‌కి వచ్చేసరికి 55 డిగ్రీలే. అక్కడ 90 డిగ్రీల హార్న్‌కి అప్పగిస్తే ఎదురుగా కూర్చుని కొలిచిన గ్రాఫ్ గీత గీసినట్టు ఉండొచ్చు గానీ, గోడల మీద పడి తిరిగొచ్చే శబ్దంలో ఆ చోటే ఒక మెట్టు ఏర్పడుతుంది, చెవి దాన్ని వెంటనే పట్టేస్తుంది. ఈక్వలైజర్‌తో అది పోదు, ఎందుకంటే ఈక్వలైజర్ ఎదుటి శబ్దాన్నీ పక్కల శబ్దాన్నీ కలిపే మారుస్తుంది.

1981లో వచ్చిన జేబీఎల్ 4430 స్టూడియో మానిటర్ ఈ ఆలోచన మీదే నడిచింది. 15 అంగుళాల ఊఫర్, 100 డిగ్రీల బై-రేడియల్ హార్న్, 1000 హెర్ట్జ్ క్రాసోవర్ (ఊఫర్ పని ఆపి హార్న్‌కి అప్పగించే చోటు). ఊఫర్ పరిధి ఎక్కడ హార్న్ కోణానికి దగ్గరగా వస్తుందో చూసి అక్కడే కలిపారు. ఇంట్లో కట్టుకునేవాళ్లకి ఇంతకంటే మంచి నమూనా లేదని నా అభిప్రాయం.

హార్న్ వైపు నుంచి ఇంకో షరతు ఉంది. డబ్బా మీద 90 డిగ్రీలు అని రాసినా, ఆ కోణాన్ని ఎంత కిందివరకు నిలబెడుతుందో దాని నోటి వెడల్పే తేలుస్తుంది. 800 హెర్ట్జ్ దాకా నిలబెట్టాలంటే సుమారు 35 సెంటీమీటర్లు కావాలి. 20 సెంటీమీటర్ల నోరున్న హార్న్ 1400 దగ్గరే పట్టు వదిలేస్తుంది, కాబట్టి దాన్ని 15 అంగుళాల ఊఫర్‌తో కలపడం కష్టం, 12 అంగుళాలదైతే కాస్త నయం. పాత స్పీకర్ల కంపెనీ ఆల్టెక్ వాళ్ల 511, 811 హార్న్‌ల మధ్య ఎంపిక కూడా ఇలాంటిదే: మొదటిది 500 హెర్ట్జ్ నుంచి, రెండోది 800 నుంచి వాడమని చేసినవి. 511 ఎక్కువ వెడల్పు, ఎక్కువ చోటు తింటుంది, కానీ గొంతులో పెద్ద భాగాన్ని తనే మోస్తుంది.

ఇక పెట్టె. 1940ల్లో సినిమా హాళ్ల కోసం మొదలైన, ఆల్టెక్ వాళ్ల వాయిస్ ఆఫ్ ద థియేటర్ స్పీకర్ల వరసలోని ఏ7 చూడండి. అందులో ఊఫర్ ముఖం మీద ఉండదు, లోపలికి జరిగి పొట్టి హార్న్ వెనక కూర్చుంటుంది, కింద పోర్టు (గాలి ఆడే రంధ్రం) ఉంటుంది. ఆ పొట్టి హార్న్ పై బేస్‌ని గట్టిగా చేసి ముందుకి తోస్తుంది, అసలు లోతైన బేస్‌కి మాత్రం దాని సాయం అందదు. హాల్లో మాట చివరి వరస దాకా చేరడం ముఖ్యం గనక అక్కడ అది సరిపోయింది. ఇంట్లో అదే పెట్టె పెట్టి కింది బేస్ పలచగా ఉందంటే ఊఫర్ తప్పు కాదు, పెట్టె స్వభావమే అంత. గోడకి దగ్గరగా జరపడం కొంత సాయం చేస్తుంది. ఆల్టెక్‌లోనే 515 ఊఫర్ బలమైన అయస్కాంతంతో హార్న్ పెట్టెలకి నప్పుతుంది, హార్న్ లేకుండా పోర్టు మాత్రమే ఉండే మామూలు బేస్ రిఫ్లెక్స్ పెట్టెకి 416 మేలు. అలాగే పాత పెట్టెల ముఖం వెడల్పుగా ఉండటం ఊరికే కాదు. సన్నగా చేస్తే కింది మధ్య శ్రుతులు వెనక్కి జారిపోయి ముందు పలచబడతాయి, ఆ నష్టాన్ని పూడ్చడానికి మిగతాదంతా తగ్గించుకోవాల్సి వస్తుంది.

సెన్సిటివిటీ (ఒకే పవర్‌కి ఎంత గట్టిగా పలుకుతుందన్నది) గురించి అందరూ ముందు అడుగుతారు గానీ అది తేలిక. రిఫ్లెక్స్ పెట్టెలో ఊఫర్ 97 డెసిబెల్స్ దగ్గరుంటే హార్న్ వెనక శబ్దం పుట్టించే డ్రైవర్ 107 దాకా ఉంటుంది, ఎల్-ప్యాడ్‌తో (శబ్దం తగ్గించే రెసిస్టర్ల జత) పది తగ్గిస్తే సరి. పై శ్రుతులు మరీ మెత్తబడితే అందులోని సిరీస్ రెసిస్టర్‌కి అడ్డంగా చిన్న కెపాసిటర్ వేయండి.

అసలు ఓపిక పట్టాల్సింది ఊఫర్, హార్న్ డ్రైవర్ల ముందూ వెనకల దగ్గర. ఒకటి సగం తరంగం వెనకబడితే రెండు శబ్దాలూ ఒకదాన్నొకటి చంపేసుకుంటాయి. 800 హెర్ట్జ్‌లో సగం తరంగం 21 సెంటీమీటర్లే, పొడుగాటి హార్న్ వెనక డ్రైవర్ అంతకంటే వెనక్కి ఉండటం మామూలే. ఏ7లో ఊఫర్ వెనక్కి జరగడం వల్ల ఈ తేడా చాలావరకు తగ్గింది. రిఫ్లెక్స్ పెట్టె మీద హార్న్ పెట్టేవాళ్లు దాన్ని బిగించకుండా జరిపేలా ఉంచుకోండి. డ్రైవర్ డయాఫ్రమ్ (కదిలే పొర), ఊఫర్ కాయిల్ (కోన్‌ని కదిపే తీగచుట్ట) ఒకే నిలువు గీతలో ఉండేలా మొదలెట్టి, హార్న్ ప్లస్ మైనస్ వైర్లు తిప్పి చూస్తూ, తక్కువ వాల్యూమ్‌లో క్రాసోవర్ ఫ్రీక్వెన్సీ టోన్ వేసి, కూర్చునే చోట మైక్ పెట్టండి. ఒక కనెక్షన్‌లో శబ్దం లోతుగా పడిపోవాలి. హార్న్‌ని కాస్త కాస్త జరుపుతూ ఎక్కువ లోతు వచ్చిన చోట ఆపండి, తర్వాత వైర్లు మళ్లీ తిప్పేయండి, అదే సరైన కనెక్షన్. ఈ కొలత మీరు నిజంగా కూర్చునే ఎత్తులోనే చేయాలి. ఊఫర్ మధ్యకీ హార్న్ మధ్యకీ చాలా దూరం ఉంటుంది గనక, లేచి నిలబడితే ఫలితం మారుతుంది. మీటరు దూరంలో కొలిచి సరిపెట్టుకుంటే మూడు మీటర్ల దూరంలో ఉన్న కుర్చీకి అది పనికిరాదు.