గోధుమ చేలో నల్ల చుక్కలు

ఇంగ్లండ్‌లోని ప్రాచీన రాతి వలయం స్టోన్‌హెంజ్ దగ్గర జనాన్ని తోసుకుని ఫొటోలు దిగాక, మూడు కిలోమీటర్ల అవతల ఉన్న వుడ్‌హెంజ్‌కి కారు తిప్పాను. అక్కడ టికెట్ లేదు, క్యూ లేదు. గడ్డిలో గుండ్రంగా, వరసలు వరసలుగా పొట్టి కాంక్రీటు దిమ్మెలు, అంతే. మా ఆవిడ చుట్టూ చూసి, "వీటికోసమా ఇంత దూరం తీసుకొచ్చారు?" అంది.

ఫోన్‌లో 1926 నాటి ఫొటో తీసి చూపించాను. విమానంలోంచి తీసింది. గోధుమ చేలో పెద్ద వలయం, దాని లోపల ముగ్గుకి చుక్కలు పెట్టినట్టు నల్లటి మచ్చలు.

1925 డిసెంబరులో గిల్బర్ట్ ఇన్సాల్ అనే వైమానిక దళ అధికారి ఈ పొలం మీదుగా వెళ్తూ ఆ వలయాన్ని గమనించాడు. దున్నీ దున్నీ చదునైపోయిన సమాధి దిబ్బ అనే అప్పటిదాకా అందరూ అనుకునేవారు. మరుసటి జులైలో, పైరు ఎదిగాక తీసిన ఫొటోల్లో చుక్కలు స్పష్టంగా తేలాయి. కన్నింగ్టన్ దంపతులు తవ్వి చూస్తే ఆరు వరసల గుంతలు బయటపడ్డాయి. నాలుగు వేల ఏళ్ళ కిందటే అక్కడ కొయ్య స్తంభాలు పాతారన్నమాట. ఇప్పుడున్న దిమ్మెలు ఆ గుంతలకి గుర్తులు.

చుక్కలు ఎందుకు పడ్డాయో నేను మొదలుపెట్టేలోపే మా ఆవిడ అందుకుంది. రైతు బిడ్డ మరి. "గుంత పూడిన చోట మట్టి గుల్లగా ఉంటుంది, తేమ నిలుస్తుంది. పైరు నల్లగా, ఏపుగా రాదూ!" చుట్టూ ఉన్నది సుద్దనేల కాబట్టి ఆ తేడా ఇంకా బాగా కనబడుతుంది. అడుగున గోడ ఉంటే దీనికి సరిగ్గా తిరగబడుతుంది, పైరు గిడసబారి ముందే పండుతుంది.

నాకైతే ఇంతకన్నా క్రాఫర్డ్ కథే ఎక్కువ ఇష్టం. బ్రిటన్ పటాలు గీసే ఆర్డ్‌నెన్స్ సర్వే సంస్థలో పనిచేసే ఆయన 1923లో, అంతకు రెండేళ్ళ ముందు వైమానిక దళం తీసిన ఫొటోలు తిరగేస్తూ రెండు సమాంతర గీతలు పట్టాడు. స్టోన్‌హెంజ్ నుంచి ఏవన్ నది వైపు సాగే పాత దారి అంచులవి. పొలంలో నిలబడితే ఏమీ కనబడదు, తవ్వితే కందకాలు దొరికాయి. ఆ ఫొటోలు తీసినవాళ్ళకి గుడులతో, సమాధులతో పనే లేదు! రెండో ప్రపంచ యుద్ధం తర్వాత ట్రాక్టర్లు లోతుగా దున్ని చెరిపేసిన దిబ్బలెన్నో ఈ దేశంలో ఇలాంటి పాత ఫొటోల్లోనే మిగిలాయి. వాటిని లక్షల సంఖ్యలో స్విండన్‌లో భద్రపరిచారు. కొన్ని ఆన్‌లైన్‌లో ఉచితంగా వెతుక్కోవచ్చు కూడా.

తిరుగుప్రయాణంలో మా ఆవిడ ఫోన్ వదల్లేదు. మేముండే వీధి ఒకప్పుడు పొలమట. "ఇదిగో, ఇక్కడేదో గీత ఉంది, చూడండి" అంటూనే ఉంది, నేనేమో మోటార్‌వే మీద బండి నడుపుతున్నాను.