నెగెటివ్ అన్నారు, నమ్మి ఇంటికొచ్చాను: రెండోసారి డెంగ్యూ, నా అనుభవం

డిశ్చార్జి అయి రెండు రోజులైంది. అరచేతులు, అరికాళ్ళు ఒకటే దురద. అయినా కోపం చల్లారకముందే రాసేయాలని కూర్చున్నాను.

ఆరేళ్ళ కిందట ఒకసారి డెంగ్యూ వచ్చింది. వారం పడుకున్నాను, లేచాను, అంతే.

ఈసారి జ్వరం ఐదో రోజున రక్తపరీక్ష చేయించాను. ఎన్ఎస్1 (రక్తంలో వైరస్ వదిలే ప్రోటీను) నెగెటివ్, ఐజీఎం (వైరస్‌తో పోరాడటానికి ఒంట్లో ముందుగా పుట్టే యాంటీబాడీలు) నెగెటివ్, ఐజీజీ (తర్వాత పుట్టి చాలాకాలం ఉండిపోయే యాంటీబాడీలు) పాజిటివ్. డ్యూటీలో ఉన్న కుర్ర డాక్టరు రెండు నెగెటివ్‌లకీ పెన్నుతో సున్నాలు చుట్టి, "ఐజీజీ అంటే పాతదండీ. ఇప్పుడు మీకు డెంగ్యూ లేదు" అన్నాడు. "ముందొకసారి వచ్చింది కదా, దానివల్ల ఏమైనా..." అని నసిగాను. "నెట్‌లో చదివొచ్చారా?" అన్నాడు. వెనక నిలబడ్డవాళ్ళు నవ్వారు. సిగ్గులేకుండా నేనూ నవ్వాను. ఒళ్ళునొప్పులకి ఐబుప్రొఫెన్ రాశాడు. అది మాత్రం వేసుకోలేదు. డెంగ్యూ అనుమానమున్నప్పుడు పారాసిటమాల్ తప్ప ఆస్పిరిన్, ఐబుప్రొఫెన్ జోలికి పోకూడదని నాకు తెలుసు, ఆయనకి తెలియకపోయినా.

ఆ రాత్రే జ్వరం దిగింది. హమ్మయ్య అనుకున్నాను. అసలు గండం జ్వరం దిగాకే అని ఎవరు చెప్పారు గనక! తెల్లారేసరికి కడుపునొప్పి, వరసగా వాంతులు. పళ్ళు తోముకుంటే నురగంతా ఎర్రగా ఉంది. నిలబడితే కళ్ళు తిరిగాయి.

వేరే ఆస్పత్రిలో పెద్దావిడ డాక్టరు అడిగిన మొదటి మాట: "ఇంతకుముందు డెంగ్యూ వచ్చిందామ్మా?" నాకు ఏడుపొచ్చేసింది. బీపీ పట్టీ బిగించి ఐదు నిమిషాలు అలాగే ఉంచారు. విప్పితే మోచేతి మడత కింద గుండుసూదితో పొడిచినట్టు ఎర్ర చుక్కలు. ప్లేట్‌లెట్లు 38 వేలు. పీసీవీ, అంటే రక్తంలో ఎర్రకణాల శాతం, 40 నుంచి 48కి ఎక్కింది. ఆవిడ కంగారంతా పీసీవీ గురించే. చూడవచ్చినవాళ్ళు మాత్రం ప్లేట్‌లెట్లు తప్ప ఇంకోటి అడిగితే ఒట్టు.

డెంగ్యూ వైరస్ నాలుగు రకాలట. ఒకటి వచ్చిపోతే దానికి జీవితాంతం రక్షణ, మిగతా మూడింటికి కొన్ని నెలలే. ఆ తర్వాత వేరే రకం వస్తే పాత యాంటీబాడీలు దాన్ని పట్టుకుంటాయి గానీ పనిపట్టలేవు. పైగా అది పెరిగే కణాల్లోకే మోసుకెళ్ళి దింపుతాయి. కంచే చేను మేయడం! అది ముదిరితే రక్తనాళాల్లోంచి నీరు బయటికి ఊరిపోయి రక్తం చిక్కబడుతుంది, పీసీవీ పెరిగేది అందుకే. క్యూబాలో 1977లో ఒకటో రకం, 1981లో రెండో రకం వచ్చాయి. రెండోసారి ప్రాణం మీదికొచ్చినవాళ్ళలో ఎక్కువమంది అంతకుముందు ఓసారి డెంగ్యూ సోకినవాళ్ళే.

రెండోసారి సోకితే ఐజీజీ ముందే ఎగబాకుతుందట, ఐజీఎం కనిపించకపోవచ్చు. ఎన్ఎస్1ని పాత యాంటీబాడీలు చుట్టేసి పరీక్షకి దొరకనివ్వవు. అంటే ఆయన సున్నాలు చుట్టనిదే నా జబ్బు. పాత రిపోర్టులు పారేయకండి, ఎవరు నవ్వినా సరే చూపించండి.

రెండు రోజులు సెలైన్, గంటగంటకీ బీపీ. తేరుకున్నాను.

ఇందాక మొదటి ఆస్పత్రి నుంచి ఫోన్, మా సేవలకి ఐదుకి ఎన్ని మార్కులు వేస్తారని. ఐజీజీ అంటే ఏంటో మీ డాక్టరుగారిని కనుక్కుని చెప్పు, వేస్తానన్నాను. ఆ అమ్మాయి పాపం, "ఐ తర్వాత ఏంటి మేడమ్?" అంటూ రాసుకుంది.