నీళ్లివ్వనందుకు తిట్లు

"ముందు నీళ్లు పట్టండమ్మా, నీళ్లు!" అని వెనకనుంచి ఒకటే అరుపులు. పొద్దున బెంజి సర్కిల్ ఫ్లైఓవర్ కింద. బైక్ మీంచి పడిన కుర్రాడు, నుదురు చీలి ఒక కన్ను కనపడనంత రక్తం.

నా చున్నీ మడిచి నొక్కిపట్టుకున్నా. ఆగిందేమో తీసి చూద్దామని చెయ్యి లాగుతూనే ఉంది, కానీ తీస్తే మళ్లీ మొదలవుతుంది కదా, అందుకే తడిసిపోయాక ఆటో అతనిచ్చిన తువ్వాలు దాని పైనే వేసి అలాగే నొక్కా. ఇంకొకాయన లేపి కూర్చోబెట్టబోతే "మెడ కదపకండి బాబాయ్" అని దాదాపు అరిచేశా.

నీళ్లు మాత్రం ఇవ్వనివ్వలేదు. కడుపు పట్టుకుని మూలుగుతున్నాడు, లోపల దెబ్బ తగిలుంటే ఆపరేషన్ పడొచ్చు, పైగా మగతగా ఉన్నవాడికి వాంతయితే అది ఊపిరితిత్తుల్లోకి పోతుంది. ఇదంతా అక్కడ ఎవరికి చెప్పను? "గుక్కెడు నీళ్లివ్వనివ్వదు, ఏం మనిషో" అందొక పెద్దావిడ. ఆవిడదీ జాలేలెండి.

108 వాళ్లొచ్చి మెడకి కాలర్ పెట్టి, చున్నీ తియ్యకుండా పైనే కట్టు కట్టి తీసుకెళ్లారు. అప్పటిదాకా లేని వణుకు ఇంటికొచ్చి చేతులు కడుక్కుంటుంటే మొదలైంది.

కొత్త చున్నీ ఏదే అని అమ్మ రెండుసార్లు అడిగింది. ఇంకా చెప్పలేదు.