ఎవరి సినిమా?

నర్సాపురంలో పిన్ని వాళ్ళింట్లో ఉన్నాను. బాపు గారు పుట్టిన ఊరు కదా, ఆ గాలి సోకిందో ఏమో మా తమ్ముడికీ బొమ్మల పిచ్చి. సఖినేటిపల్లికి గోదారి దాటించే పంటు గురించి, బ్లెండర్ అనే యానిమేషన్ సాఫ్ట్‌వేర్‌లో చిన్న సినిమా చేస్తున్నాడు. గోదారి నీళ్ళు సరిగ్గా కదలట్లేదట, అన్నానికి పిలిచినా లేవడు.

నేను హైదరాబాద్‌లో జీతానికి చేసేదీ ఇదే పని. అక్కడ ఈ వారం ఎన్ని సెకన్లు పూర్తయ్యాయన్నదే లెక్క. పాత్ర కాసేపు ఊరికే చూస్తూ నిలబడిందా, క్లయింటు మెయిల్ వచ్చేస్తుంది: కట్ చేయండి, పిల్లలకి బోర్ కొడుతుంది.

వాడికి యానిమేటర్ రిచర్డ్ విలియమ్స్ కథ చెప్పాను. 1964లో మొదలుపెట్టిన 'ద థీఫ్ అండ్ ద కాబ్లర్' సినిమాని ఏళ్ళ తరబడి చేత్తో గీయిస్తూనే ఉన్నాడాయన. గడువూ బడ్జెట్టూ దాటాయని సినిమా పూర్తవుతుందని పెట్టుబడిదారులకి హామీ ఇచ్చిన కంపెనీ 1992లో దాన్ని లాగేసుకుంది. వేరేవాళ్ళు పాటలు అతికించి ముగించారు. డబ్బు పెట్టినవాడికి ఎప్పటికో ఒకప్పటికి సినిమా చేతికి రావాలి, అది ఒప్పుకుంటాను. ఆ పాటలే నాకు మింగుడుపడవు.

"మరి ఫ్లో సంగతేంటన్నయ్యా?" అన్నాడు. అదో పిల్లి కథ: లాత్వియా దర్శకుడు, ఇదే బ్లెండర్, ఒక్క డైలాగూ లేదు, 2025లో ఆస్కార్.

"దానికీ ఫ్రాన్స్, బెల్జియం నిర్మాతలు ఉన్నార్రా" అన్నాను.

"ఉంటే ఉన్నారు. పిల్లి చేత మాట్లాడించమని పట్టుబట్టలేదుగా!"