వఫ్రా వానెట్, పద్నాలుగో నంబరు బోల్టు

కువైట్‌లో పికప్ బండిని వానెట్ అంటారు. షువైఖ్ ఇండస్ట్రియల్ ఏరియాలో నేను పనిచేసే కరాజుకు, అంటే మెకానిక్ షెడ్డుకు, వారానికి నాలుగైదైనా వస్తాయి. వఫ్రా తోటల నుంచి వచ్చినదేదో కిందికి దూరి చూడగానే తెలిసిపోతుంది. అక్కడి బోరు నీళ్ళు ఉప్పన. ఆ తడి మట్టిలో తిరిగీ తిరిగీ అడుగున బోల్టులన్నీ తుప్పుతో ఉబ్బి ఉంటాయి.

ఆ రోజు వచ్చిన బండి డ్రైవరుది రైల్వే కోడూరు. మాది రాయచోటి. మాట వినగానే ఇద్దరం గుర్తుపట్టేసుకున్నాం.

"సెల్ఫ్ పోయింది తమ్ముడూ. మూడు వారాలుగా తోస్తేగానీ అందుకోదు. మార్కెట్ కాడ ఇంజిను ఆపాలంటేనే భయం. డీజిలంతా నిలబడే తాగేస్తాంది. రాత్రికి దోసకాయ లోడుండాది, సాయంత్రానికన్నా అవుతాదా?"

"అవుతాదిలే అన్నా, కూర్చో" అన్నాను. పైబోల్టు సంగతి నాకప్పటికి తెలియదు.

తాళం తిప్పగానే ఇంజినును తిప్పి లేపేది సెల్ఫ్ మోటారు. దాన్ని గేరుబాక్సుకు పట్టి ఉంచేవి రెండు బోల్టులు. బ్యాటరీ నెగటివ్ వైరు తీసి (మోటారుకు కరెంటు నేరుగా బ్యాటరీ నుంచే వస్తుంది, ఇది మరిచిపోతే నిప్పురవ్వలే) కింది బోల్టు విప్పాను. పైది గేరుబాక్సు భుజం వెనక నక్కి ఉంది. చేయి పడుతుంది, పానా తిరగదు. కంటికి కనబడదు. ఫోను లోపలికి పెట్టి ఫొటో తీసి చూస్తే, తల ఆరు మూలలూ అరిగి గుండ్రంగా ఉంది. మా కంటే ముందు ఎవరో పన్నెండు పలకల సాకెట్టుకు మెడ తిరిగే జాయింటు తగిలించి, వంకరగా లాగి వదిలేశారు. పన్నెండు పలకలది మూలల దగ్గరే పట్టుకుంటుంది, ఆరు పలకలది పక్కల మీద ఆనుతుంది. బిగుసుకుపోయిన బోల్టు మీద పన్నెండు పలకలది పెట్టకూడదని నేను గట్టిగా చెప్తాను. బోల్టును పాడుచేసేది తుప్పు కంటే తొందరే.

నేనూ నా ఆరు పలకల పద్నాలుగో నంబరు సాకెట్టు పెట్టి చూశాను. పట్టినట్టే పట్టి జారింది. ఆ జారుడు చేతికి ముందే తెలుస్తుంది. ఇనుము ఇనుము మీద మెత్తగా, సబ్బు ముక్క మీద గోరు పోయినట్టు పోతుంది. ఇంకోసారి లాగబోతుంటే మా పెద్ద మెకానిక్, ఉస్తాద్, నా కాలు తట్టాడు.

మా ఉస్తాద్‌ది పెషావర్ వైపు. ఆయన ఉర్దూకూ మా రాయచోటి ఉర్దూకూ చాలా దూరం. అయినా పని మాట అర్థమవుతుంది. "బోల్టుతో కొట్లాడొద్దు బేటా. ముందు దారి చెయ్యి" అన్నాడు.

దారి చేయడమంటే గంటన్నర పని. గేరుబాక్సు కింద జాకీ ఆనించి, వెనక దాన్ని మోసే అడ్డ పట్టీ (క్రాస్ మెంబరు) విప్పి, గేరుబాక్సు తోకను కొంచెం కొంచెంగా కిందికి దించాలి. ఎక్కువ దించితే ముందు ఫ్యాను రేడియేటర్ కవరుకు తగులుతుంది, హోసులు సాగుతాయి. అందుకే ఒకరు పైన చూస్తూ ఉండాలి. అన్నే టార్చి పట్టుకుని నిలబడ్డాడు. జూలై నెల. 2016లో ఇదే నెల 21న ఈ దేశంలోని మిత్రిబాలో 53.9 డిగ్రీల ఎండ కాసింది. ఎండలో పడేసిన పానాను గుడ్డ లేకుండా పట్టుకోలేం. షెడ్డు నీడలో ఉన్నా చెమట కళ్ళలోకి కారి మండుతోంది.

తోక దిగాక వెనక నుంచి బోల్టు దాకా తిన్నగా సందు దొరికింది. మూడు ఎక్స్‌టెన్షన్లు ఒకదానికొకటి తగిలించి, చివర పదమూడో నంబరు సాకెట్టు పెట్టాం. పద్నాలుగు తల అరిగింది కాబట్టి, పదమూడును సుత్తితో కొట్టి దాని మీదికి ఎక్కించాలి. కొడితే రెండు లాభాలు. సాకెట్టు కొత్తగా మూలలు కోసుకుంటూ బిగుస్తుంది, ఆ అదురుకు మరల్లో తుప్పు చిట్లుతుంది. అంతకుముందే తుప్పు నూనె చల్లి నానబెట్టాం. గ్యాస్ మంట పెట్టలేదు. పక్కనే డీజిల్ పైపు.

"మొదట బిగించు" అన్నాడు ఉస్తాద్. వెంట్రుకవాసి బిగించాను. తర్వాత వెనక్కి. మళ్ళీ బిగింపు, మళ్ళీ వెనక్కి. నాలుగోసారికి "టక్" మంది. ఆ శబ్దానికి నా ఒళ్ళంతా తేలికపడింది. ఇక ఊపుగా తిప్పబోతే, "శ్వై శ్వై" అన్నాడు, ఇక్కడి అరబ్బీలో మెల్లగా మెల్లగా అని. పావు చుట్టు విప్పడం, సగం వెనక్కి పోవడం, నూనె. అలా ఇరవై నిమిషాలు. ఎర్రటి పొడి రాలుస్తూ బోల్టు బయటికొచ్చింది.

రంధ్రంలో మరలు, మరలు కోసే ట్యాపుతో శుభ్రం చేశాం. పక్క వీధి స్పేర్ పార్టుల దుకాణంలో అదే పొడవు, తల మీద 8.8 అని గట్టిదనం గుర్తు అచ్చున్న బోల్టు తెచ్చి, రాగి గ్రీజు పూశాం. ఉస్తాద్ పానా నా చేతికివ్వలేదు. మొదటి నాలుగు చుట్లూ వేళ్ళతోనే తిప్పమన్నాడు. వేళ్ళతో తిరిగితేనే మర సరిగా ఎక్కినట్టు.

సాయంత్రపు అస్రు నమాజు అయ్యేసరికి గేరుబాక్సు పైకెక్కింది. అన్న తాళం తిప్పాడు. ఒక్కసారికే అందుకుంది. ఆపాడు. మళ్ళీ తిప్పాడు. ఆపాడు. మూడోసారీ తిప్పి, కిటికీలోంచి మా ఇద్దరి వంకా చూసి, ఇంకోసారి ఆపాడు.